నొప్పి రాకముందే నోరు చూచుకొందాం

శంషాబాద్ అనగానే ఈ రోజుల్లో ఎవరికైనా విమానాశ్రయమే గుర్తుకు వస్తుంది. 2008 మార్చి 23న అక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. మరుసటి సంవత్సరం మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు పదకొండు కిలోమీటర్లకు పైగా పొడవున్న వంతెన రోడ్డు వచ్చింది. జొన్న, వరి పండిన చేలలో గోదాములు, హోటళ్లు లేచాయి. సేద్యం వదిలినవారిలో కొందరు డ్రైవర్లయ్యారు, కొందరు కాపలా పనిలో, కొందరు సరుకు మోసే పనిలో కుదిరారు. దేశదేశాల వారు దిగే చోటికి కూతవేటు దూరంలో ఇప్పుడు ఎన్నో పల్లెలున్నాయి.

అయినా పంటినొప్పి విషయంలో మన పల్లెల తీరు పెద్దగా మారలేదు. నొప్పి మొదలైతే లవంగం నొక్కిపెడతాం. తగ్గకపోతే మందుల దుకాణంలో రెండు బిళ్లలు తెచ్చుకొంటాం. బుగ్గ వాచినప్పుడు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకొంటాం. నిద్రలేక, అన్నం నమలలేక, నాలుగు రోజుల కూలి పోగొట్టుకొన్న తరువాత పట్నం బస్సెక్కుతాం. అప్పటికి పన్నును కాపాడే దారి చాలాసార్లు మూసుకుపోయి ఉంటుంది. పీకించుకొని ఇంటికి వస్తాం.

ఇది శంషాబాద్ ప్రాంతపు మాట మాత్రమే కాదు. మన పత్రిక వెళ్లే పల్లెలన్నిటి మాట. ప్రపంచంలో సుమారు 350 కోట్ల మంది నోటి జబ్బులతో ఉన్నారనీ, వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మనలాంటి మధ్య ఆదాయ దేశాలవారేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం రాకుండా ఆపగలిగినవే. అందుకే ఈ నెల ఈ సంగతిని మన కుటుంబాల ముందు పెట్టాలని తలచాము.

పురుగు కాదు, పులుపు

పన్నులో పురుగు పడిందని మన పెద్దలు అంటారు. వాకుడు గింజల పొగ పట్టించి, పురుగులు రాలాయని చూపేవారు కూడా ఉండేవారు. పన్నును తినే పురుగు ఏదీ లేదు. కంటికి కనబడని సూక్ష్మక్రిములు మన నోటిలో ఎప్పుడూ ఉంటాయి. మనం తిన్న చక్కెరను అవి పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లమే పంటి పైపొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. పంటి పైపొర శరీరంలో అన్నిటికంటె గట్టిది. దానిలో నరము లేదు. కాబట్టి అది కరుగుతున్నప్పుడు మనకు నొప్పి తెలియదు. రంధ్రము లోపలికి దిగి, మధ్యనున్న మెత్తని భాగమును చేరినప్పుడే అసలైన నొప్పి పుడుతుంది. అంటే నొప్పి జబ్బుకు మొదటి గుర్తు కాదు, దాదాపు చివరి గుర్తు. చిన్న నల్లమచ్చగా ఉన్నప్పుడు చూపించుకొంటే ఒక్క పూటలో సిమెంటు నింపి పంపుతారు. నొప్పి పుట్టిన తరువాత వేరుకు వైద్యం చేయించి తొడుగు వేయించాలి, లేదా పీకించాలి. ఖర్చులో ఎంత తేడా ఉంటుందో చెప్పనక్కరలేదు.

చక్కెర ఎంత తిన్నామన్నదానికంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. తిన్న ప్రతిసారీ అరగంటకు అటూ ఇటూగా నోటిలో ఆమ్లము పనిచేస్తూనే ఉంటుంది. పూర్వం మన ఇళ్లలో తీపి అంటే పండుగనాటి మాట. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు టీ, దానితో బిస్కట్టు. బడి పక్క దుకాణంలో చాక్లెట్టు, సీసా పానీయాలు. పంటికి కోలుకొనే సమయమే చిక్కడం లేదు. తీపి తినాలనిపిస్తే భోజనముతోపాటే తిని ముగించడం మంచిది.

ఆరేళ్ల పన్ను సంగతి

“పాలపళ్లే కదా, ఊడిపోయేవే” అనే మాట తల్లుల నోట తరచు వింటాము. పాలపళ్లు వెనుక వచ్చే పళ్లకు చోటు పట్టి ఉంచుతాయి. అవి పుచ్చి ముందుగానే పోతే కొత్త పళ్లు వంకరగా వస్తాయి. పుచ్చుపళ్ల పిల్లవాడు సరిగా తినడు, సరిగా నిద్రపోడు. తరగతిలో మనసు నిలుపలేడు. చక్కెర కలిపిన పాలసీసా నోటిలో పెట్టి పసిబిడ్డను నిద్రపుచ్చితే పై ముందుపళ్లు ముందుగా నల్లబడతాయి.

మరొక సంగతి చాలామందికి తెలియదు. పిల్లలకు ఆరేళ్ల ప్రాయంలో, పాలపళ్ల వరుస వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు గనుక అదీ పాలపన్నే అనుకొంటాము. కాదు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. వెనుకగా ఉండుటచేత బ్రష్షు అందదు. గుంటలు ఎక్కువ గనుక తొందరగా పుచ్చుతుంది. ఈ వారమే మీ ఇంట్లో ఆరేడేళ్ల బిడ్డను వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరిపించి ఆ పన్నును చూడండి. గుంటలలో నలుపు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

ఫ్లోరైడు: కీడు, మేలు

మన ప్రాంతాల్లో ఫ్లోరైడు పేరు వింటేనే భయం. అందుకు కారణముంది. రంగారెడ్డికి పొరుగున ఉన్న నల్లగొండలో ఎందరో ఈ నీటివలన పళ్లు గారపట్టి, ఎముకలు వంగి బాధపడ్డారు. ఇంకా వెనుకకు పోతే, 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును డాక్టర్ షార్ట్, ఆయన తోటివారు వైద్య పత్రికలో వివరించారు. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థవారు రూపొందించగా, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే వచ్చింది. ఆఫ్రికా దేశాల్లో కూడ దానిని వాడి చూచారు.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన నేల కింద ఉన్నది నల్లరాయి, తెల్లరాయి. లోతైన బోరునీటిలో ఈ ఖనిజము ఎక్కువగా ఉండవచ్చు. నీటిని కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ అది చిక్కబడుతుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి నీరు శుద్ధిచేసి ఇస్తున్నారు. ఇంట్లో బోరు ఉన్నా, పిల్లలకు త్రాగుటకు, వండుటకు ఆ నీటినే వాడడం మేలు. బోరునీరే గతియైతే పరీక్ష చేయించండి.

ఫ్లోరైడు మచ్చలు చిన్నతనంలో చిగురులోపల పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి. పెద్దయ్యాక ఎంత తోమినా పోవు. ఇటుకపొడి, బొగ్గు, బూడిదతో గట్టిగా రుద్దితే మచ్చకు బదులు పైపొర అరుగుతుంది. అరిగిన పైపొర మళ్లీ పెరగదు. పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఈ మచ్చలకు సిగ్గుపడి నవ్వడమే మానేస్తారు. అది వారి అశుభ్రత కాదు, వారు త్రాగిన నీటి గుర్తు. ఎవరూ వారిని వేలెత్తి చూపకూడదు. మచ్చలను కప్పే చికిత్స దంతవైద్యుల దగ్గర ఉంది.

మరి ఫ్లోరైడు పేస్టు వాడవచ్చునా? వాడవచ్చును. కడుపులోకి ఎక్కువగా పోయినప్పుడే అది కీడు చేస్తుంది. కొంచెంగా పంటిపై తగిలితే కరగడం మొదలైన పైపొరను తిరిగి గట్టిపరుస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడు పేస్టును అత్యవసర మందుల పట్టికలో చేర్చింది. డబ్బామీద 1000 నుండి 1500 పీపీఎం అని ఉన్నది చూచి కొనండి. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీగింజంత చాలు. పెద్దలు దగ్గరుండి తోమించి, మింగకుండ ఉమ్మించాలి. మీ ఊరి నీటిలో ఫ్లోరైడు ఎక్కువని తెలిస్తే చిన్నపిల్లల విషయం దంతవైద్యుని అడగండి.

వేపపుల్లను మేము తీసిపారేయడం లేదు. బాగా నమిలి మెత్తన చేసి, చిగుళ్లు గీరుకొనకుండ వాడితే పళ్లు శుభ్రమవుతాయి. అయితే దానిలో ఫ్లోరైడు లేదు, పళ్ల సందుల్లోకి అది పోదు. ఉదయం పుల్ల వేసినవారు కూడ రాత్రి పడుకొనేముందు పేస్టుతో తోముకోవాలి. నిద్రలో లాలాజలము తగ్గుతుంది గనుక రాత్రి తోముటయే అన్నిటికంటె ముఖ్యం.

పొట్లంలోని ముప్పు

రాత్రంతా బండి నడిపేవారు, బరువులు మోసేవారు, కట్టడపు పనివారు నిద్ర ఆపుకొనుటకు గుట్కా, ఖైనీ నోటిలో వేసికొంటారు. పంటినొప్పికి పొగాకు పెట్టుకొని, నొప్పి పోయినా పొగాకు వదలనివారూ ఉన్నారు. గుట్కా అమ్మకం నిషేధమైనా, పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరొక పొట్లంలో పెట్టి అమ్ముతున్నారు. కొన్నవాడు రెండూ కలిపి వేసికొంటాడు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి ‘అడ్డపొగ’ త్రాగుతారు. దానివలన అంగిట్లో క్యాన్సరు వచ్చుట వైద్యులు ఎన్నడో గమనించారు.

పొగాకు లేని వక్క ఒక్కటే అయినా క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పరిశోధన విభాగము 2004లో తేల్చింది. మనదేశంలో పురుషులకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సరు ముందు వరుసలో ఉంది. ఇదికూడ మొదట నొప్పి పుట్టించదు. అందుచేతనే ప్రాణాంతకమవుతుంది.

నెలకొకసారి అద్దం ముందు నోరు తెరచి చూచుకోండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో గడ్డ కనిపిస్తే ఆగవద్దు. మూడు వేళ్లు నిలువుగా నోటిలో పట్టకపోయినా, కారం తగిలితే నోరంతా మండినా అది వక్క, గుట్కాల వలన కండ బిగిసిపోతున్న గుర్తు కావచ్చు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి క్యాన్సరుకు ప్రభుత్వ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ ద్వారా బీదలకు చికిత్స దొరుకుతుంది.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

1948 నాటి దంతవైద్యుల చట్టం ప్రకారం రిజిస్టరైన దంతవైద్యులే పళ్లకు చికిత్స చేయాలి. సంతలలో, రోడ్డు పక్కన పన్ను పీకేవారు, ఊగే పన్నుకు తీగ చుట్టేవారు, కట్టుడుపన్నును చిగురుకు అతికించి వదిలేవారు ఇప్పటికీ ఉన్నారు. కడగని పనిముట్టుతో ఒకరి రక్తములోని రోగము మరొకరికి చేరుతుంది. అతికించిన పన్ను కింద కుళ్లు పట్టి పక్కపళ్లు కూడ పోతాయి.

భయాలు కొన్ని ఉన్నాయి. పైపన్ను పీకిస్తే చూపు పోతుందంటారు. కంటి నరమునకు, పంటి నరమునకు అటువంటి సంబంధం లేదు. గార తీయిస్తే పళ్లు కదులుతాయంటారు. గారయే చిగురును తిని పన్నును వదులు చేసింది. గార తీసినప్పుడు అది బయటపడుతుంది, అంతే. గర్భిణీ స్త్రీలు పళ్ల వైద్యం చేయించుకోకూడదనుట కూడ సరికాదు. సంగతి ముందుగా డాక్టరుకు చెప్పి, నడిమి మూడు నెలల్లో చేయించుకోవచ్చును. షుగరు ఉన్నవారి చిగుళ్లు త్వరగా చెడతాయి. చెడిన చిగుళ్లు షుగరును అదుపులోకి రానివ్వవు. వారు ఆరు నెలలకొకసారి తప్పక చూపించుకోవాలి.

శంషాబాద్ వైపువారికి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. వికారాబాదులోను, నగరంలోను ప్రైవేటు దంత కళాశాలలున్నాయి. విద్యార్థులు అధ్యాపకుల ఎదుట చికిత్స చేస్తారు గనుక కళాశాలల్లో ఖర్చు మామూలుగా తక్కువ. చాలా కళాశాలలకు పల్లెలకు వచ్చే దంతవైద్య బస్సులున్నాయి, పిలిస్తే వస్తారు.

కరెంటు, యంత్రము లేనిచోట కూడ వైద్యం సాధ్యమే. 1980లలో టాంజానియాలో చేతి పనిముట్లతోనే పుచ్చును గీకి, ఒక విధమైన సిమెంటుతో పూడ్చే పద్ధతి మొదలైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య దినం నోటి ఆరోగ్యానికి కేటాయించినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రోత్సహించింది. సూదికి, మరకు భయపడే పిల్లలకు అది బాగా పనికివస్తుంది.

సంఘము చేయగలిగినది

మన సంఘములకు భవనమున్నది, బల్లలున్నవి, ప్రతి ఆదివారము కూడివచ్చే జనమున్నారు. ఒక కళాశాలకు ఉత్తరం వ్రాసి ఆరు నెలలకొకసారి దంతవైద్య శిబిరము పెట్టించవచ్చు. అయితే శిబిరములో చీటీ వ్రాసి పంపితే పని తీరదు. చీటీ పట్టుకొని కళాశాలకు వెళ్లే ముసలమ్మతో బస్సెక్కే మనిషి కావాలి. అక్కడే మన శిబిరాలు తరచు తప్పిపోతాయి. యౌవనస్థులు ఇద్దరు ముగ్గురు ఆ బాధ్యత తీసికొంటే చాలు.

ఆదివార పాఠశాలలో పిల్లలకు పంచే చాక్లెట్టుకు బదులు జామపండో, పల్లీలో ఇవ్వండి. క్రిస్మస్ బహుమానాల్లో ఒక బ్రష్షు చేర్చండి. స్త్రీల సమాజపు కూటములలో ఆరేళ్ల పన్ను సంగతి చెప్పండి. గుట్కా మానలేక సతమతమయ్యే సహోదరుని ఎగతాళి చేయక, అతని పక్షమున నిలవండి. ప్రార్థించండి, ఆసుపత్రికీ తీసికొని వెళ్లండి. లూకా వైద్యుడని మనకు తెలియును గదా.

మీ ఇంట్లో పసివాడి నుండి తాతగారి వరకు ఎవరి పన్నుపై నల్లమచ్చ ఉన్నదో, ఎవరి చిగురు నెత్తురు కారుతున్నదో, ఎవరి బుగ్గలోపల మచ్చ ఉన్నదో ఈ ఆదివారం భోజనానంతరము చూడండి. టార్చిలైటు ఒకటి చాలు. నొప్పి లేదని తృప్తిపడవద్దు. నొప్పి లేని రోజులే పన్నును కాపాడుకొనే రోజులు.