చీలమండ నుంచి తలకు

మార్కండిలో రోజూ సముద్రపు ఒడ్డు దాకా నడిచి వచ్చే మా పినతండ్రిగారి అమ్మాయి, రెండేళ్లుగా గోడ పట్టుకుని నడుస్తోంది. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి, మూత్రం ఆగదు. వాతమన్నారు. ఒక ఆస్పత్రిలో కాళ్లకు నర్వ్ కండక్షన్ పరీక్ష చేసి, నరాలు బాగున్నాయని పంపేశారు. దాంతో ఇంట్లోవాళ్లు ఇదంతా మనసు జబ్బేనని తేల్చేశారు. దాచడమెందుకు, నేనూ అలాగే అనుకున్నాను.

బరంపురంలో రైలెక్కించి విశాఖ తీసుకువెళ్లాను. అక్కడి నరాల డాక్టరుగారు మరో పరీక్ష రాశారు. పేరు సొమాటోసెన్సరీ ఎవోక్డ్ పొటెన్షియల్. చీలమండ దగ్గర నరానికి సన్నని కరెంటు తగిలిస్తారు, బొటనవేలు అదురుతుంది. ఆ కబురు వెన్నుపాము గుండా మెదడుకు ఎంతసేపట్లో చేరిందో తలకు అతికించిన తీగలు చెబుతాయి. మామూలుగా కాలి నుంచి సుమారు 40 మిల్లీసెకన్లు, చేతి నుంచి 20. మా చెల్లెలికి చేతి కబురు వేళకే అందింది. కాలి కబురు నడుము దాకా వేళకే వచ్చి, తలకు మాత్రం ఆలస్యంగా చేరింది. బ్యాంకువాణ్ణి కదా, నాకు ఇలా బోధపడింది: చెక్కు బ్రాంచిలో సరిగ్గానే వేశారు, క్లియరింగులో ఆగింది. కాలి నరాలు మంచివే, తేడా వెన్నుపాములో ఉంది.

అయితే ఈ పరీక్ష కారణం చెప్పదు. బి12 విటమిన్ లోపమున్నా ఇలాగే రావచ్చు. అది లేదని తేలాక రక్తం, వెన్ను నీరు పరీక్షించారు. హెచ్‌టిఎల్‌వి-1 అనే వైరస్ బయటపడింది. ఈ వైరస్‌కూ ఇలాంటి కాళ్ల జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1985లో మార్టినిక్ దీవి రోగులలో గుర్తించారు, మరుసటి ఏడు జపాన్‌లోనూ వర్ణించారు. వైరస్ ఉన్నవారిలో నూటికి అయిదుగురి లోపే ఈ జబ్బు వస్తుంది, ఆడవారికే ఎక్కువ. పూర్తిగా నయం చేసే మందు లేదు. బిగువు తగ్గే మాత్రలు, వ్యాయామం ఇచ్చారు.

వైరస్ రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా, తల్లిపాల ద్వారా సోకుతుందని డాక్టరుగారు చెప్పినప్పుడు చెల్లెలు తన కాళ్ల మాట మరచిపోయింది. దాని కూతురు ఏడో నెల గర్భిణి.

"నా పాలు తాగే పెరిగింది అన్నయ్యా" అంది.

అమ్మాయి కూడా రక్తం ఇచ్చింది. వైరస్ ఉంటే బిడ్డకు ఏ పాలు పట్టాలో ప్రసవానికి ముందే నిర్ణయించుకోవచ్చునన్నారు. రిపోర్టు వచ్చే వారం అందుతుంది.