హెచ్చరిక విన్నను కదలరేల? - మనోవిజ్ఞానము చెప్పు సమాధానములు

నెల్లూరు తీరమునకు తుపానులు కొత్త కావు. 1984 నవంబరులో ఒక తుపాను నాటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట వద్దను, 1989 నవంబరులో మరింత తీవ్రమైనది కావలి వద్దను తీరము దాటినవి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేసినప్పుడు కొన్ని కుటుంబములు మూటలు కట్టుకొని మెరకకు బయలుదేరును, కొన్ని కదలవు. హెచ్చరిక ఒక్కటే, ప్రవర్తనలు రెండు. కారణమేమి? మనోవిజ్ఞానములో దీనికి పలు దృక్పథములు కలవు.

జీవశాస్త్ర దృక్పథము దేహముతో ఆరంభించును. అపాయము ఎదురైనప్పుడు అడ్రినలిన్ రక్తములో చేరును. గుండె వేగముగా కొట్టుకొనును. దేహము పోరాటమునకో పలాయనమునకో సిద్ధమగును. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో దీనిని వివరించెను. కాని తుపాను హెచ్చరిక గాలి బలపడకమునుపే వచ్చును. కంటికి అపాయము కానరానప్పుడు దేహము అంతగా మేల్కొనదు.

ప్రవర్తనావాదులు గతానుభవమును పరిశీలింతురు. పావ్లోవ్ ప్రయోగములలో ఒక సంకేతమునకు లాలాజలము కార్చుట అలవడిన కుక్క, ఆ తరువాత ఆహారము రాకుండుట పలుమార్లు జరుగగా లాలాజలము కార్చుట మానెను. తుపాను పలుమార్లు వేరొకచోటికి మరలిపోయినచో హెచ్చరికయెడ భయము కూడ అట్లే సన్నగిల్లును. స్కిన్నర్ మతమున ప్రవర్తనను నిలుపునది దాని ఫలితమే. ఇల్లు విడిచి కూలి పోగొట్టుకొన్నవాడు మరుసటిసారి వెనుకాడును.

సంజ్ఞాన దృక్పథము ఆలోచనకు ప్రాధాన్యమిచ్చును. సులభముగా జ్ఞప్తికి వచ్చుదానినే మనుష్యులు తరచుగా జరుగుదానిగా ఎంతురని ట్వెర్స్కీ, కానెమన్ 1973లో చూపిరి. 1989 తుపానును చూచినవారికి అది కన్నులకు కట్టును. తరువాత పుట్టినవారికి చిన్న తుపానులే జ్ఞప్తికి వచ్చును.

ఫ్రాయిడ్ స్థాపించిన మనోవిశ్లేషణ ప్రకారము, భరింపరాని భయమును మనస్సు తనకు తెలియకయే త్రోసిపుచ్చును. "మన పాలెమునకు ఏమీ కాదు" అనుట ఇట్టిదే కావచ్చును. దీనిని ప్రయోగముతో నిరూపించుట కష్టమని విమర్శ కలదు.

మానవతావాది మాస్లో 1943లో అవసరములకు ఒక క్రమము చెప్పెను: ఆకలిదప్పులు, భద్రత, ఆత్మీయత, గౌరవము, ఆత్మవికాసము. వలను, పడవను విడువలేని మత్స్యకారుడు అజ్ఞాని కాడు. రేపటి కూటిని కాచుకొనుచున్నాడు.

సాంఘిక దృక్పథము చుట్టునున్నవారిని చూడుమనును. 1968లో లాటానే, డార్లీ ఒక గదిలోనికి పొగ విడిచి పరీక్షించిరి. ఒంటరిగా నున్నవారిలో నూటికి 75 మంది ఆ సంగతి తెలిపిరి. ముందే నియమింపబడి కదలక కూర్చున్న ఇద్దరి నడుమ నున్నవారిలో నూటికి 10 మందియే తెలిపిరి. పొరుగువారు కదలనిచో తానును కదలకుండుట మానవ సహజము.

కారణమునుబట్టియే ఉపాయము. కూలి నష్టము అడ్డమైనచో పరిహారము, అనుభవము లేనిచో పెద్దల జ్ఞాపకములు, పడవపై బెంగ యున్నచో దానికి భద్రస్థానము, పొరుగువారివైపు చూచుచున్నచో పాలెం పెద్దల కుటుంబములు ముందు కదలుట ఉపకరించును. ఒకే ఇంటిలో ఈ కారణములన్నియు కలిసి యుండవచ్చును. కదలనివారిని మొండివారనుట సులభము. ఆ మాటతో ఒక్క ప్రాణమైనను దక్కదు.