వాసనకు రెండు త్రోవలు



ఫాల్గుణ మాసమున మన సీమలో ఏ యూరి కల్లమునకు బోయినను, ఎండుచున్న మిరపపండ్ల వాసన ముక్కునకు సోకును. అది తగిలినంతనే పెద్దలకు తండ్రులనాటి కోతలును, బండ్లు కట్టుకొని గుంటూరికి బోయిన రాత్రులును జ్ఞప్తికి వచ్చును. క్రొత్తగా వచ్చిన పరదేశికి అది వట్టి వాసన మాత్రమే. వాసన యొక్కటియే, అర్థము వేఱు. ఆ యర్థము తలలో నెచ్చట చేరుచున్నది? నేడు దీనినే విచారింతము.

మనుష్యుని మెదడులో వేలకోట్ల నాడీకణములు గలవు. అంత గహనమైనదానిని విప్పి చూచుట కష్టము. కావున శాస్త్రజ్ఞులు మిక్కిలి చిన్నప్రాణి నొకదానిని చేపట్టిరి. మాగిన అరటిపండుపైని, కల్లుకుండపైని ముసురు చిన్న యీగను మీ రెల్లరు నెఱుగుదురు. దాని పేరు డ్రోసోఫిలా. దోసకాయలను బొడిచి చెఱచు పండుయీగ వేఱు, ఇది వేఱు. దీని మెదడు గసగసగింజకంటె చిన్నది. 2024వ సంవత్సరమున పండితులు ఒక ఆడుయీగ మెదడునకు సంపూర్ణముగా పటము వ్రాసి, అందు 1,39,255 నాడీకణము లున్నవని లెక్క తేల్చిరి.

ఈగ వాసనను ముఖ్యముగా తలపైనున్న మీసములతో గ్రహించును. ఆ వార్త మెదడులోని సుమా రేబది ముడులకు బోవును. తపాలా కచేరిలో ఉత్తరములను ఊరూరికి వేఱుచేసి అరలలో నుంచునట్లు, ఇచ్చట వార్తలు వేఱుపడును. అచ్చటినుండి త్రోవ రెండుగా చీలును.

మొదటిది పుట్టుకతో వచ్చిన త్రోవ. ఇది మెదడు ప్రక్కభాగమునకు బోవును. ఏ వాసనకు చేరవలెనో, దేనికి తొలగవలెనో ఇచ్చట ఎవరును నేర్పనక్కఱ లేదు. రెండవత్రోవ కుక్కగొడుగు ఆకారముగల భాగమునకు బోవును. అందు ఒక్కొక్క వైపున సుమారు రెండువేల కణములు గలవు. ఏ వాసన వచ్చినను వానిలో నూటికి అయిదారు మాత్రమే మేల్కొనును. కమీషను కొట్టులో ఏ రైతు బస్తాకు ఆ రైతు గుఱుతు వేసినట్లు, ఏ వాసనకు ఆ వాసన గుఱుతు. కావున నొకటి మఱియొకదానితో కలిసిపోదు.

ఈ రెండవది నేర్చు త్రోవ. 1974లో అమెరికాలో క్విన్, హారిస్, బెంజరు అను వారు ఈగలకు రెండు వాసనలు చూపి, ఒకదానితోపాటు విద్యుత్తు తాకించిరి. తరువాత ఈగలు ఆ వాసననుండి తొలగిపోయెను. ఎట్లన, దెబ్బ తగిలినపుడు కొన్ని కణములు డోపమీను అను రసమును విడుచును. ఆ క్షణమున మేల్కొనియున్న కణముల అతుకులు దానివలన సడలును. వాసనవైపు నడిపించు బలము తగ్గి, ఈగ వెనుకకు మరలును. ఆ సడలికయే జ్ఞాపకము. 1994లో డిబెల్, హైసెన్‌బర్గు అను వారు కుక్కగొడుగు భాగము లేకుండ ఈగలను పెంచిచూడగా, అవి వాసన బట్టెను గాని వాసనపాఠము నేర్వలేకపోయెను. మన దేశమునను బొంబాయి టాటా పరిశోధన సంస్థలో ఒబైద్ సిద్దీఖీ, వెరోనికా రోడ్రిగ్స్ ఈ విద్యను సాగించి, వాసన బట్టుటలో పుట్టులోపము గల ఈగలనుగూర్చి 1978లో ప్రకటించిరి.

ఇక మన ప్రత్తిచేనికి వత్తము. కాయను తొలుచు గులాబిరంగు పురుగునకు తల్లియైన రెక్కలపురుగు, రాత్రివేళ నొక వాసనను విడిచి మగపురుగును పిలుచును. ఆ వాసన యేదియో 1973లో తేలినది. దానినే ఎరగా బుట్టలలో నుంచుచున్నారు. ఆ పిలుపునకు బోవుట మగపురుగు ఎవరియొద్దను నేర్చినది కాదు. అది మొదటి త్రోవ. అందువలననే ఎర పనిచేయుచున్నది.

అయిన నొక హెచ్చరిక. బుట్టలో పడునవి మగవి మాత్రమే. అంతకుముందే జతకూడిన ఆడుపురుగు గ్రుడ్లు పెట్టకమానదు. కావున బుట్టను మందుగా నెంచక వార్తాహరునిగా నెంచవలెను. ఎకరమునకు రెండు బుట్టలు కట్టి, దినదినము లెక్క వ్రాయవలెను. వరుసగా మూడు రాత్రులు బుట్ట కెనిమిదేసి పురుగులు పడినచో, అపుడే మందుమాట తలపెట్టవలెను.

1987-88లో మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమయు పచ్చపురుగును విజృంభింపగా, మందులు మాటిమాటికి చల్లియు పంట దక్కక, అప్పులపాలై కొందఱు రైతులు ప్రాణములు విడిచిరి. ఆ పురుగులు వేఱు. పాఠము మాత్ర మొక్కటియే. చేనిలో నేమున్నదో లెక్క చూడక చల్లిన మందు పురుగునకంటె రైతునకే చేటు. నాటి దుఃఖమును కన్నవారు మీలో ననేకులున్నారు. దానిని పిల్లలకు చెప్పుడు. మగపురుగు తన పుట్టుత్రోవను విడువజాలదు. నేర్చు త్రోవ మనకున్నది.