సంకర మొక్కజొన్న

మొక్కజొన్న శిరమున మగపూవును, కాండము నడుమ ఆడకండెయు నుండును. పుప్పొడి రాలకమునుపే మగపూవును త్రుంచివేసి, వేఱొక వంశపు పుప్పొడిని కండెపీచుపై పడనిచ్చినచో సంకర విత్తనము లభించును. దానినుండి పెరిగిన పైరు తల్లిదండ్రులను మించిన బలము గలిగియుండును. కాని ఆ పంటగింజలనే మరల విత్తినచో ఆ బలము తగ్గును. కావున రైతు ఏటేట క్రొత్త విత్తనము కొనవలెను. అది తన నేలకు సరిపడనిచో ఆ యేటి కష్టమంతయు వ్యర్థమగును.

నేలలన్నియు నొక్కతీరుగ నుండవు. వానకై యెదురుచూచు మహబూబ్‌నగరు చెలక వేఱు. వరికోత పిమ్మట నీరుపెట్టి పండించు గుంటూరు మాగాణి వేఱు. ఒకచోట బెట్ట, మఱియొకచోట తెగులు పైరును బాధించును.

అందువలననే 1957లో ప్రారంభమైన అఖిలభారత మొక్కజొన్న పథకమున శాస్త్రజ్ఞులు ఒకే రకములను హిమాలయ సానువులనుండి దక్షిణాపథము వఱకు పలుచోట్ల నాటించి, దిగుబడులను పోల్చిరి. 1961లో వెలువడిన తొలి సంకరములలో గంగ, రంజిత్ అనువానితోపాటు దక్కను అనునదియు నుండెను. హైదరాబాదులోని అంబర్‌పేట పరిశోధన క్షేత్రమును ఈ కృషిలో పాల్గొనెను.

ఒక్క పొలమున అత్యధికముగ పండుట గొప్ప కాదు. పలు నేలలందు, పలు ఋతువులందు నిలకడగ పండుటయే మంచి విత్తనమునకు గుర్తు.