మూడు నిమిషాల ఫోను

కిందటేడు మా అమ్మ ఆరు నెలలు ఉందామని ఇంగ్లండు వచ్చినప్పుడు, ఆవిడ కోసం ఓ పాత స్మార్ట్‌ఫోను కొన్నాను. ఒక ఆన్‌లైన్ దుకాణంలో 240 పౌండ్లు. "రీఫర్బిష్డ్, 12 నెలల వారంటీ" అన్నారు. రోజూ మధ్యాహ్నం రాజమండ్రిలో ఉన్న నాన్నగారితో అమ్మ అందులోనే మాట్లాడేది.

నలభయ్యో రోజున ఆ ఫోను సరిగ్గా మూడు నిమిషాలకోసారి ఆరిపోయి మళ్ళీ వెలగడం మొదలెట్టింది. "ఇదేమిట్రా, మీ నాన్న మందులు వేసుకున్నారో లేదో తేలకుండానే పోతోంది!" అంది అమ్మ.

చెడిపోయే వస్తువు గడియారం చూసుకుని చెడిపోదు కదా. లాగ్ ఫైళ్ళు తీసి చూశాను. ఒక ప్రాసెస్ 180 సెకన్లుగా పలకడం లేదని వాచ్‌డాగ్ ఫిర్యాదు. మన సర్వర్లలో హార్ట్‌బీట్ ఆగితే రీస్టార్ట్ చేస్తామే, అదే సంగతి. ఫోను వేడిని కనిపెట్టుకుని ఉండే ఆ ప్రాసెస్‌కి ఒక సెన్సర్ కనబడటం లేదు. ఆ సెన్సర్ ఉండేది ఛార్జింగ్ పోర్టుకి అతుక్కున్న సన్నటి కేబుల్ మీద. అంటే లోపం హార్డ్‌వేర్‌ది. ఎన్నిసార్లు రీసెట్ చేసినా లాభం లేదు.

తయారు చేసిన కంపెనీని అడిగితే, వాళ్ళ ఏడాది వారంటీ ఫోను మొదటిసారి అమ్ముడైన రోజు నుంచే లెక్క, ఎప్పుడో అయిపోయిందన్నారు. దుకాణానికి పంపితే, లోపల తడి తగిలింది, నీళ్ళు పడితే మా వారంటీ చెల్లదు అంటూ తిప్పి పంపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది.

మనలో చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నేనూ వదిలేసేవాణ్ణే. కానీ వారంటీ వేరు, చట్టం వేరు. వారంటీ అమ్మేవాళ్ళు తమంతట తామిచ్చే మాట, షరతులూ వాళ్ళవే. చట్టమిచ్చిన హక్కుని ఆ షరతులు తీసెయ్యలేవు. ఇక్కడ 2015లో వచ్చిన వినియోగదారుల హక్కుల చట్టం, దుకాణం అమ్మిన పాత వస్తువులకీ వర్తిస్తుంది. వయసుకీ ధరకీ తగ్గ నాణ్యత ఉండాలి. మొదటి 30 రోజుల్లో లోపం బయటపడితే వస్తువు తిరిగిచ్చేసి డబ్బు అడగొచ్చు. ఆ తరవాతైతే ముందు రిపేరు గానీ మార్పిడి గానీ. పోస్టు ఖర్చులు కూడా దుకాణానివే. అన్నిటికన్నా ముఖ్యం: ఆరు నెలల లోపు లోపం బయటపడితే అది అమ్మిననాడే ఉన్నట్టు లెక్క. కాదని రుజువు చేయాల్సింది అమ్మినవాళ్ళే.

అదృష్టవశాత్తూ ఫోను వచ్చిన రోజునా, పంపే ముందూ సిమ్ ట్రే తీసి లోపలి తడి గుర్తుని ఫొటో తీశాను. నీళ్ళు తగిలితే ఎర్రబడే ఆ చిన్న స్టిక్కరు రెండుసార్లూ తెల్లగానే ఉంది. ఫొటోలూ, లాగ్ ఫైలూ జతచేసి, చట్టం పేరు రాసి ఉత్తరం పంపాను. మారు మాట్లాడకుండా రిపేరు చేశారు.

పన్నెండు రోజులకి మళ్ళీ అదే మూడు నిమిషాలు!

ఒక్క రిపేరు అవకాశం ఇచ్చాక లోపం పోకపోతే వస్తువు తిరిగిచ్చేయవచ్చు. ఆరు నెలల లోపైతే వాడుకున్నందుకు కోత కూడా ఉండదు. పైగా నేను క్రెడిట్ కార్డుతో కొన్నాను. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం, 75వ సెక్షన్ ప్రకారం, ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపుంటే కార్డు కంపెనీ కూడా దుకాణంతో సమానంగా బాధ్యురాలు. మధ్యలో ఇంకో చెల్లింపు సంస్థ దూరితే మటుకు ఆ లంకె తెగిపోవచ్చు. కార్డు కంపెనీకి రాస్తానన్నాక నాలుగు రోజుల్లో 240 పౌండ్లూ వెనక్కి వచ్చాయి.

తిరిగి పంపే ముందు ఫోనులోని ఫొటోలన్నీ మూడేసి నిమిషాల విడతల్లో కాపీ చేసి, అంతా చెరిపేశాను. దానికో రాత్రి పట్టింది.

ఇదే ఫోను ఏ మిత్రుడి దగ్గరో, ప్రకటన చూసి ఏ అపరిచితుడి దగ్గరో కొనుంటే ఈ హక్కుల్లో చాలా భాగం ఉండేవి కావు. అక్కడ ముఖ్యంగా వస్తువు చెప్పినట్టు ఉందా లేదా అన్నదే అడగగలం. ఓ యాభై పౌండ్లు ఎక్కువైనా దుకాణంలో కొనడం అందుకే నయం.

కొత్త ఫోను వచ్చిన రోజు అమ్మ గంటన్నర మాట్లాడింది. నాన్నగారు రెండు రోజులుగా బీపీ మాత్ర వేసుకోవడం లేదని అప్పుడు తేలింది.