వెలుఁగును గూర్చి పద్యము వ్రాయుట

మా విద్యార్థులు వెలుఁగును గూర్చి వ్రాయునపుడు "జ్ఞానజ్యోతి" యని మొదలుపెట్టి యంతటితో ముగించుట మేము చూచుచున్నాము. చీఁకటి కనఁబడనిచోట దీపమునకు విలువ యేమి?

1833వ సంవత్సరమున జాన్ హెన్రీ న్యూమన్ సిసిలీలో జబ్బుపడి, కోలుకొని, స్వదేశమునకు మరలుచుండఁగా, గాలి లేక యోడ బొనిఫాసియో జలసంధిలో వారము దినములు నిలిచిపోయెను. అచట నాతఁడు వ్రాసిన కీర్తనలో దారి యంతయుఁ జూపుమని వేఁడలేదు; ఒక్క యడుగునకుఁ జాలిన వెలుఁగునే కోరెను. అది హృదయమును దాఁకుటకుఁ గారణ మిదియే. పల్లెత్రోవలో లాంతరు చూపునది నాలుగు బారల నేలయే. అయినను బాటసారి యిల్లు చేరును.

కావున బాలబాలికలారా, ముందు మీ రెఱిఁగిన చీఁకటిని నిజముగాఁ జెప్పుఁడు. పిమ్మట నందు వెలిఁగిన చిన్న దీపమును జూపుఁడు. అది చదువరికిని దారి చూపును.