పెరటి పచ్చిక – పెంపుడు కుక్క

పెరటిలో శ్రద్ధగా పెంచిన గరికను పెంపుడు కుక్క ఒక్క మధ్యాహ్నంలోనే గుంతలుగా తవ్విపోస్తుంది. కోపంతో దానిని కొట్టడం నిష్ప్రయోజనం. ఎప్పుడో తవ్విన గుంతకూ ఇప్పుడు పడిన దెబ్బకూ గల సంబంధం ఆ మూగజీవికి తెలియదు.

అది ఎందుకు తవ్వుతున్నదో ముందు గమనించాలి. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. అందువల్ల వేసవిలో అది మట్టిని తవ్వి, లోపలి చల్లదనానికి పొట్ట ఆనించి పడుకుంటుంది. చెట్టునీడన ఇసుక గుంట ఒకటి ఏర్పరచి, రోజూ నీళ్ళు చిలకరిస్తే పచ్చిక జోలికి రావడం తగ్గుతుంది. పందికొక్కు వాసన పసిగట్టి తవ్వే కుక్కకు మాత్రం ఈ ఉపాయం చాలదు. ముందు పందికొక్కు బెడదను తొలగించాలి. ఎముకల పొడిని ఎరువుగా చల్లి, ఆ వాసనకు తవ్విన కుక్కను నిందించడం మరొక విచిత్రం!

కొత్తగా పచ్చిక నాటేవారు పలుచని మట్టిపొర కింద ఇనుప జాలీ పరిచి, దాని అంచులను నేలలోకి మడవాలి. గరిక ఆ సందుల గుండా పెరుగుతుంది. గోళ్ళు లోతుకు దిగవు. పాత గుంతలను మట్టితో పూడ్చి తడుపుతూ ఉంటే, చుట్టూ ఉన్న గరిక కణుపుకణుపునా వేళ్ళూని వాటిని కప్పివేస్తుంది.